గుర్రం కొద్దీ రౌతు: కన్నెమరా తీరంలో స్వారీ సెలవుల లెక్కలు

ఫొటో ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. వాన వెలిసిన ఆకాశం, తడిసి మెరిసే ఇసుక, అలల అంచున దౌడు తీస్తున్న బూడిదరంగు గుర్రం, దాని మీద నవ్వుతున్న మనిషి. ఆ నవ్వు మీద మనసు పడి బుకింగ్ ఫారం తెరిస్తే ప్రశ్నల వరస మొదలవుతుంది. మీ ఎత్తెంత? బరువెంత? గుర్రమెక్కి ఎన్నాళ్లయింది? ట్రాట్ (చిన్న పరుగు) వచ్చా? బయట మైదానంలో క్యాంటర్ (ఊపందుకున్న పరుగు) చేస్తున్న గుర్రాన్ని మీరే ఆపగలరా? హోటల్ గది ఇచ్చేవాళ్లెవరూ మన బరువు అడగరు. డబ్బు కట్టేదీ మనమే, పరీక్ష రాసేదీ మనమేనా అని మొదటిసారి నాకు కాస్త రోషం వచ్చిన మాట నిజం.

ఆ ఫారంలో ఒక్క ప్రశ్న కూడా ఊరికే అడిగింది కాదని తర్వాత అర్థమైంది. 'రౌతు కొద్దీ గుర్రం' అని మన సామెత. స్వారీ సెలవుల్లో అది తిరగబడుతుంది. గుర్రం ఎంత మోయగలదు, సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గుతుంది, దారిలో ఉన్న గేటు ఎవరిది, ఇన్సూరెన్స్ కంపెనీ దేనికి ఒప్పుకుంది... ఇవన్నీ తేలాక మిగిలిన చోట మనం సర్దుకోవాలి. ఈ చిక్కుముడి మొత్తం ఒకేచోట కనిపించేది ఐర్లండ్ పడమటి తీరంలోని కన్నెమరాలో.

పేరు ఎక్కడో విన్నట్టుంటే అది చెన్నై ఎగ్మూరు పుణ్యమే. 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయానికి ఆ పేరు 1886 నుంచి 1890 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన లార్డ్ కన్నెమరా వల్ల వచ్చింది. ఆయన బిరుదులో ఉన్న ప్రాంతం ఇదే. గాల్వే కౌంటీకి పడమటి కొస. ఒకవైపు ట్వెల్వ్ బెన్స్ కొండలు, వాటి కింద కుళ్లిన మొక్కలతో ఏర్పడి, కాలు పెడితే దిగబడే పీట్ నేలలు, ఇంకోవైపు చింపిన కాగితం అంచులా వంకరలు తిరిగిన అట్లాంటిక్ తీరం. ఉన్న ఒక్క చెప్పుకోదగ్గ పట్నం క్లిఫ్డెన్. 1919లో ఆల్కాక్, బ్రౌన్ ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటి విమానం దించింది దాని పక్కనున్న పీట్ నేలలోనే. గట్టి మైదానం అనుకుని దించారు, విమానం ముక్కు నేలలో దిగబడింది. గుర్రాలకు కూడా ఆ నేలతో అదే పేచీ. అందుకే ఇక్కడ స్వారీ ఎక్కువగా ఇసుక మీద సాగుతుంది.

కళ్లెం ఎవరి చేతిలో?

మనలో చాలామందికి గుర్రం పరిచయం రెండు చోట్ల. పెళ్లి ఊరేగింపులో ఒకసారి, విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట పది నిమిషాల స్వారీలో ఇంకోసారి. రెండు చోట్లా కళ్లెం పట్టి నడిపించేది వేరే మనిషి. మనం జీను మీద పెట్టిన సామాను. దాన్ని అనుభవం కింద లెక్కేసుకుని ఫారంలో 'ఇంటర్మీడియట్' అని టిక్ పెట్టేవాళ్లు ఉన్నారు. నేను పెట్టబోయి ఆగాను.

కన్నెమరాలో పగ్గాలు మన చేతిలోనే ఉంటాయి. గైడ్ ముందు వెళ్తారు, గుంపు పెద్దదైతే వెనక ఇంకొకరు వస్తారు. మధ్యలో మీ గుర్రానికి మీరే దిక్కు. కాబట్టి ఆ మాటల అర్థం తెలియాలి. అమరకోశం గుర్రపు గతుల్ని ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు ధారలుగా లెక్కపెట్టింది. ఇంగ్లీషువాళ్లు నాలుగుతో సరిపెట్టారు. మొదటిది నడక. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, మన వడి నడక కన్నా కాస్త ఎక్కువ వేగం. ట్రాట్‌లో ముందు ఎడమ కాలు, వెనక కుడి కాలు ఒకేసారి లేస్తాయి, తర్వాత మిగతా రెండూ. టకటకమనే ఈ రెండు దెబ్బల తాళానికి కుదురుగా కూర్చోబోతే నడుం విరుగుతుంది. ఒక దెబ్బకు లేచి, ఇంకో దెబ్బకు కూర్చోవడం నేర్చుకోవాలి. చూడటానికి తేలికే గానీ కొత్తవాళ్లకు కొన్ని క్లాసులు పడుతుంది. మూడు దెబ్బల క్యాంటర్ ఊయలలా ఉంటుంది, ట్రాట్ కన్నా సుఖం కూడా. చివరిది గాలప్, అంటే నిండు దౌడు. ఫొటోలో కనిపించేది చాలాసార్లు క్యాంటరే, గాలప్ కాదు.

స్వారీ కేంద్రాలు 'నోవిస్' అనేది అస్సలు రానివాళ్లను కాదు. నడక, ట్రాట్ తన అదుపులో చేయగలిగి, క్యాంటర్ కొంచెం రుచి చూసినవాళ్లను. బయట గుంపులో మూడు గతుల్లోనూ గుర్రాన్ని అదుపు చేయగలిగినవాళ్లు 'ఇంటర్మీడియట్'. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, గుర్రం మందలో బతికే జంతువు. ముందున్న గుర్రం పరుగందుకుంటే వెనకది ఆగమన్నా ఆగదు. స్వారీ స్కూల్ ఆవరణలో, నాలుగు గోడల మధ్య బుద్ధిగా తిరిగే గుర్రమే రెండు కిలోమీటర్ల ఖాళీ ఇసుక చూడగానే వేరే జంతువు అయిపోతుంది. గుంపులో ఒక్కరు అబద్ధం రాసినా మిగతా అందరి క్యాంటర్ రద్దవుతుంది, ఎందుకంటే గుంపు వేగం అందరికన్నా చేతకానివాళ్ల వేగమే. మంచి కేంద్రాలు అందుకే మొదటి రోజు అరగంట ఆవరణలో తిప్పి చూస్తాయి. 'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందట' అన్నవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. గుర్రం మనల్ని రెండు నిమిషాల్లో అంచనా కట్టేస్తుంది, గైడ్‌కు పది నిమిషాలు పడుతుంది.

బరువు గొడవ

ఇప్పుడు అందరికీ ఇబ్బందిగా ఉండే ప్రశ్న. 2008లో అమెరికాలోని ఒహైయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎనిమిది గుర్రాల మీద వాటి బరువులో 15, 20, 25, 30 శాతం భారం వేసి తిప్పి చూశారు. 25 శాతం దగ్గర నుంచి కండరాల నొప్పులు, బిగుతు పెరిగాయి. 20 దగ్గర అంత తేడా లేదు. స్వారీ కేంద్రాల్లో వినపడే 'ఇరవై శాతం' లెక్కకు ఎక్కువగా చూపించే ఆధారం ఇదే. ఎనిమిది గుర్రాలతో చేసింది కాబట్టి దీన్ని వేదం అనక్కర్లేదు, కానీ జాగ్రత్త వైపు మొగ్గిన లెక్క.

దీన్ని కన్నెమరా పోనీకి వేసి చూద్దాం. ఈ జాతి ఎత్తు భుజం దగ్గర 128 నుంచి 148 సెంటీమీటర్లు. మంచి ఒడ్డూపొడుగూ ఉన్నది 380 కిలోలు తూగిందనుకుంటే, ఇరవై శాతం 76 కిలోలు. ఇందులో జీను, కళ్లెం ఎనిమిది తొమ్మిది కిలోలు పోతాయి. హెల్మెట్, బూట్లు, వానకు తడిసిన కోటు ఇంకో మూడు. అంటే మనిషికి మిగిలింది 65 కిలోల లోపు. 80 కిలోల మనిషికి ఆ పోనీ రాదు, ఐరిష్ డ్రాఫ్ట్ లాంటి పెద్ద గుర్రం కావాలి. అలాంటివి ఒక్కో కేంద్రంలో కొన్నే ఉంటాయి, వాటికి వారంలో విశ్రాంతి రోజులూ ఉంటాయి. బరువు తగ్గించి రాస్తే మీరు వెళ్లేసరికి మీకు సరిపోయే గుర్రం వేరేవాళ్ల కింద ఉంటుంది. చాలాచోట్ల పైహద్దు 85 నుంచి 95 కిలోల మధ్య పెడతారు. ఐర్లండ్‌లో దాన్ని ఇంకా స్టోన్లలో చెప్పేవాళ్లున్నారు, ఒక స్టోన్ 6.35 కిలోలు. బట్టలు, బూట్లతో తూగి రాయండి.

పోనీ అనగానే పిల్ల గుర్రం అనుకోవద్దు. అది పొట్టి జాతి. ఐరిష్ భాషలో 'కాపలీన్' అంటే చిన్న గుర్రమనే. 1588లో మునిగిన స్పెయిన్ ఓడల నుంచి ఈదుకొచ్చిన గుర్రాలు స్థానిక గుర్రాలతో కలిసి ఈ జాతి పుట్టిందని అక్కడ చెప్పుకునే కథ. కథ బాగుంది, అంతవరకే. నమ్మకంగా చెప్పగలిగింది 1923 నుంచి. కన్నెమరా పోనీ పెంపకందార్ల సొసైటీ అప్పుడు మొదలై వంశావళి పుస్తకం రాయడం పెట్టుకుంది. ప్రతి ఆగస్టులో క్లిఫ్డెన్‌లో జరిగే ప్రదర్శనకు ఊరు ఊరంతా గుర్రాలే. రాళ్లలో, పీట్ నేలలో, గడ్డి కరువులో తరాలపాటు పెరిగిన జంతువు కాబట్టి కాలు ఎక్కడ వేయాలో దానికి మనకన్నా బాగా తెలుసు. దిగబడే చోట అది మొరాయిస్తే మడమలతో పొడవకండి.

అమావాస్యకో లెక్క, అష్టమికో లెక్క

ఇక అసలు యజమాని, సముద్రం దగ్గరికి వద్దాం. విశాఖ తీరంలో పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటి మట్టం తేడా మీటరున్నర అటూఇటూ. అందుకే మనకు బీచ్ అంటే ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉండే చోటు. గాల్వే తీరంలో పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆ తేడా నాలుగు మీటర్లు దాటుతుంది. మధ్యాహ్నం కిలోమీటరు వెడల్పున ఉన్న ఇసుక సాయంత్రానికి ఉండదు. ఫొటోలోని గుర్రం పరిగెడుతున్నది మామూలుగా సముద్రం అడుగున ఉండే నేల మీద.

గుర్రానికి ఆ నేలే కావాలి మరి. ఒడ్డు మీది పొడి ఇసుకలో డెక్కలు దిగబడి కాళ్లలో కండరాల్ని ఎముకలకు కట్టి ఉంచే స్నాయువులు లాగేస్తాయి, వాటిని టెండన్లు అంటారు. ఒకసారి దెబ్బతింటే నెలల తరబడి గుర్రం పనికిరాదు. నీళ్లు ఇప్పుడే వెనక్కి వెళ్లిన తడి ఇసుక గట్టిగా, అదే సమయంలో కాస్త మెత్తగా ఉంటుంది. దౌడుకు అంతకన్నా మంచి పరుపు లేదు. ఆ పరుపు దొరికేది ఆటుకు అటు రెండు గంటలు, ఇటు గంట.

పోటు ఎలా వస్తుందో తెలిస్తే గైడ్ ఎందుకు మాటిమాటికీ గడియారం చూస్తారో అర్థమవుతుంది. ఆటు నుంచి పోటు దాకా సుమారు ఆరు గంటలు. నీళ్లు సమానంగా పెరగవు. తీరాల్లో వాడే పన్నెండో వంతుల లెక్క ఒకటుంది. మొదటి గంటలో మొత్తంలో పన్నెండో వంతు పెరుగుతుంది, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, ఒకటి. నాలుగున్నర మీటర్ల పోటనుకోండి. మొదటి గంటలో మోకాలి లోతు కూడా రాదు, 'ఇంకా టైముంది' అనిపిస్తుంది. మూడో గంటలో ఒక్కసారిగా మీటరు పైన పెరుగుతుంది. వంద మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న ఇసుక మీద ఆ గంటలో నీళ్లు వంద మీటర్లకు పైగా ముందుకొస్తాయి. ఇంకో మోసం ఏమిటంటే నీళ్లు ఎప్పుడూ ఎదురుగానే రావు. ఇసుకలో పల్లపు కాలవలుంటాయి, అవి ముందు నిండుతాయి. మీరు సముద్రం వైపు చూస్తుంటే మీ వెనక, ఒడ్డుకూ మీకూ మధ్య, నీళ్లు చేరతాయి.

క్లాడాడఫ్ ఊరి ఎదురుగా ఉన్న ఓమీ దీవి ఇలాంటి చోటే. ఆటు వేళ ఇసుక మీదుగా నడిచి వెళ్లొచ్చు, కారు కూడా పోతుంది, దారి చూపే స్తంభాలు పాతి ఉంటాయి. పోటు వేళ అది మళ్లీ దీవి. ఆ ఇసుక మీద వేసవిలో గుర్రప్పందేలు కూడా జరిపే ఆనవాయితీ ఉంది, రేసు టైము నిర్ణయించేది మాత్రం కమిటీ కాదు, చంద్రుడు.

తిథులు తెలిసిన మనకు ఇక్కడ ఒక సుఖం ఉంది. ఆటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కానీ ఒకే తీరంలో ఒకే తిథికి అది దాదాపు ఒకే వేళకు వస్తుంది. గాల్వే తీరంలో అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద ఆటు మిట్టమధ్యాహ్నం అటూఇటూగా పడుతుంది, సముద్రం బాగా దూరం వెళ్తుంది. పొద్దున తాపీగా జీను కట్టి బయల్దేరితే సరిపోతుంది. అష్టమి దగ్గరైతే ఆటు పొద్దునా సాయంత్రం పడుతుంది, సముద్రం అంత దూరం పోదు, ఇసుక తక్కువ. జూన్ నెలలో గాల్వేలో రాత్రి పది దాకా వెలుతురుంటుంది కాబట్టి సాయంత్రం ఆటుకు వెళ్లడమూ బాగానే ఉంటుంది, కానీ భోజనాల వేళ మారిపోతుంది. వారం బుక్ చేసేముందు పంచాంగం చూడండి. ముహూర్తం కోసం కాదు, ఇసుక కోసం. ఖచ్చితమైన టైముకు మాత్రం ఆటుపోట్ల వేళల పట్టిక, అంటే టైడ్ టేబులే దిక్కు.

నీళ్లలోకి గుర్రాన్ని దించుతారు, అదో సరదా. రెండు సంగతులు గుర్తుంటే చాలు. కాళ్ల కింద జారిపోయే నీళ్లను చూస్తే కళ్లు తిరుగుతాయి, దూరంగా ఒడ్డును చూడాలి. గుర్రం ముందు కాలితో నీళ్లను గట్టిగా తడుతుంటే ముచ్చటపడి వీడియో తీయకండి. పడుకుని దొర్లబోతోందని అర్థం, మీరు పైన ఉన్నా సరే. మడమ తగిలించి ముందుకు నడపాలి.

గేటు ఎవరిది, పూచీ ఎవరిది

ఐర్లండ్‌లో ఎవరైనా ఎవరి భూమిలోనైనా తిరగొచ్చనే హక్కు లేదు. పోటు గీతకు కింద ఉన్న తీరం ఎక్కువగా ప్రభుత్వానిది. కానీ రోడ్డు నుంచి అక్కడికి చేరే దారి రైతు పొలంలోంచో, పదిమంది రైతులకు ఉమ్మడి హక్కున్న కొండ మేతభూమిలోంచో పోతుంది. కేంద్రం యజమాని ఏళ్ల తరబడి ఆ రైతులతో కుదుర్చుకున్న మంచితనమే అసలు పెట్టుబడి. ఒక్క గేటు తెరిచి వదిలేసి గొర్రెలు బయటపడితే మరుసటి వారం ఆ దారి ఉండదు. గేటు ఎలా ఉంటే అలా వదలమని గైడ్ కాస్త కరుకుగా చెప్పేది అందుకే.

ఇసుక దిబ్బల వెనక పొట్టి గడ్డి, పూలతో పచ్చగా పరుచుకున్న మైదానం కనపడుతుంది. గవ్వల పొడి కలిసిన ఆ నేలను 'మాహర్' అంటారు. ఐర్లండ్, స్కాట్లండ్‌లో తప్ప దొరకదు, యూరప్ చట్టాల రక్షణలో ఉంది. క్యాంటర్‌కు పిలిచినట్టే ఉంటుంది గానీ డెక్కలు పైపొర చీలిస్తే గాలి మిగతా ఇసుకను ఎత్తుకుపోతుంది. ఎండాకాలం మొదట్లో గులకల మధ్య గుడ్లు పెట్టే పక్షులున్న చోటా అంతే, చుట్టూ తిరిగి పోవాలి. పైగా జనం స్నానాలకు వచ్చే చాలా బీచ్‌లలో వేసవి పగటి వేళ గుర్రాలకు స్థానిక కౌన్సిళ్లు అనుమతివ్వవు. మిట్టమధ్యాహ్నం ఆటు పడే మంచి తిథికి ఈ నిబంధన అడ్డొస్తుంది. అందుకే కేంద్రాలు పేరున్న బీచ్ వదిలేసి పేరు లేని చిన్న తీరాల్లోకి తీసుకెళ్తాయి. నా వరకు అదే మేలు.

ఇక ధర. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు.' స్వారీ సీజన్ ఆరు నెలలు, మేత పన్నెండు నెలలు. ఆరు వారాలకోసారి లాడాలు, పశువైద్యుడు, వీటన్నిటి మీద ఇన్సూరెన్స్. ఐర్లండ్‌లో ఇన్సూరెన్స్ వేరే కథ. మెడ పట్టేసింది లాంటి చిన్న గాయాలకు అక్కడి పరిహారాలు ఇంగ్లండ్, వేల్స్ కన్నా 4.4 రెట్లు ఎక్కువని 2018లో ప్రభుత్వ కమిషనే తేల్చింది. గుర్రం మీంచి పడటం మామూలే కాబట్టి స్వారీ కేంద్రాల ప్రీమియంలు భరించలేనంత పెరిగి కొన్ని మూతపడ్డాయి. 2021లో పరిహారాలకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. 2023లో చట్టం మార్చి, ప్రమాదం ఉందని తెలిసీ దిగినవాళ్ల విషయంలో స్థలం యజమాని పూచీ తగ్గించారు. మీరు సంతకం పెట్టే కాగితంలో 'ప్రమాదం ఉందని నాకు తెలుసు' అన్న వాక్యం అంత లావుగా ఉండటానికి కారణం అదే. ఐరిష్ స్వారీ కేంద్రాల సంఘం 'ఏఐఆర్ఈ' తనిఖీ చేసి గుర్తింపునిస్తుంది, అది ఉందో లేదో చూసుకోండి.

మన వైపు కాగితాలూ ఉన్నాయి. చాలా యూరప్ దేశాలకు ఉమ్మడి వీసా ఇచ్చే షెంగెన్‌లో ఐర్లండ్ లేదు, విడిగా వీసా కావాలి. భారతీయులకు బ్రిటన్, ఐర్లండ్ రెండూ ఒకే వీసా మీద తిరిగే ఉమ్మడి ఏర్పాటు ఉంది గానీ దానికి వీసా మీద ఆ ముద్ర పడాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో గుర్రపుస్వారీని 'సాహస క్రీడ' కింద మినహాయించారేమో చిన్న అక్షరాలు చదవండి. చదువులకో ఉద్యోగాలకో డబ్లిన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఈ తలనొప్పి లేదు. గాల్వేకు రైల్లో రెండున్నర గంటలు, అక్కడి నుంచి క్లిఫ్డెన్‌కు ఎనభై కిలోమీటర్లు.

సెలవులు రెండు రకాలు. ఒకే ఇంట్లో ఉండి రోజూ ఒక దిక్కుకు వెళ్లి రావడం ఒకటి. సామాను వ్యానులో ముందు పోతుంటే ఊరూరా మజిలీలు చేసుకుంటూ సాగడం ఇంకొకటి. రెండోదానిలో రోజుకు ఐదారు గంటలు జీను మీదే, మధ్యలో వద్దనుకోవడానికి లేదు. మొదటిసారైతే మొదటిదే నయం. మూడో రోజుకు తొడల లోపలి కండరాలు కుర్చీలోంచి లేవనివ్వవు. ముందు నెల రోజులు హైదరాబాద్‌లోనో, ఉన్న ఊళ్లోనో స్వారీ క్లాసులకు వెళ్లి, ట్రాట్ వరకైనా నేర్చుకుని బయల్దేరండి.

డబ్బు కట్టేముందు ఈమెయిల్‌లో ఒక్క ప్రశ్న అడిగి చూడండి: మేం వచ్చే వారం బీచ్ రైడ్ ఏ రోజు, ఎన్ని గంటలకు? 'మంగళవారం పదకొండున్నరకి, గాలి మారితే బుధవారం' అని రాసేవాళ్లు టైడ్ టేబుల్ ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లు. 'మీరు ఎప్పుడంటే అప్పుడు' అని బదులొస్తే అడ్వాన్స్ పంపకండి.